ఐసు పెట్టెలో రాని మాట

(నెల్లూరు సముద్రతీర గ్రామాల్లో మూడు దశాబ్దాలు పనిచేసిన ఒక ఏఎన్ఎం సంస్మరణ సభలో, ఆమెతో కలిసి పనిచేసిన విశ్రాంత వైద్యాధికారి చేసిన స్మారకోపన్యాస పాఠం)



ఆహ్వాన పత్రం మీద ఆవిడ పేరు లేదేమని కొందరు అడిగారు. ముప్పై ఏళ్లలో ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు ఈ ఊళ్లలో లేరు. పిల్లలకు నర్సమ్మ, పిల్లల తల్లులకు నర్సమ్మ, ఆ తల్లులు పుట్టినప్పుడు బొడ్డు కోసిన నాటికీ నర్సమ్మే. ఆ పిలుపే చాలునని ఇంట్లోవాళ్లు అన్నారు. నేనూ అలాగే పిలుస్తాను.

పొగడ్త ఆవిడకు గిట్టేది కాదు. జీతం ఇస్తున్నారు కదా సార్, అనేది. కాబట్టి ఈ పూట ఆమె గొప్పతనం గురించి కాక, 2022 ఆగస్టులో ఆమె నన్నడిగిన ఒక ప్రశ్న గురించి మాట్లాడతాను. అప్పుడు నేను దానికి జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్పే ప్రయత్నం చేస్తాను.

ఆ రోజు సంగతి ఇది. అంతకుముందు కోవిషీల్డ్ గానీ కోవాగ్జిన్ గానీ రెండు డోసులు వేసుకున్న పెద్దవాళ్లు మూడోదిగా కార్బెవాక్స్ వేసుకోవచ్చని కేంద్రం అనుమతించింది. 12 ఆగస్టు నుంచి అమలు. మొదటి రెండూ ఒక రకం, మూడోది వేరే రకం. మన దేశంలో ఇలా వేరే రకం టీకాను బూస్టరుగా ఒప్పుకోవడం అదే మొదటిసారి. నేను మీటింగులో ఆ ఆదేశాన్ని చదివి వినిపించాను. అందరూ రాసుకున్నారు. నర్సమ్మ మాత్రం కలం మూత పెట్టి నా వంక చూసింది.

"నిన్నటిదాకా కలపకూడదని చెప్పిన నోటితోనే రేపట్నుంచి కలపొచ్చని చెప్పాలి కదా సార్. చెప్తాం. ఎందుకో మాకు ముందు చెప్పండి."

"పైనుంచి వచ్చిందమ్మా," అన్నాను.

నేనిచ్చిన సమాధానం అంతే. డాక్టరుగా నాకు కారణం తెలియక కాదు. చెప్పడం నా పని అని తోచలేదు. ఆదేశం అందించాను, నా పని అయిపోయిందనుకున్నాను.

కలిపితే తప్పన్న కాలం

ఆమె అలా అడగడానికి వెనక ఏడాదిన్నర కథ ఉంది. 16 జనవరి 2021న దేశంలో టీకాలు మొదలైనప్పుడు మా సిబ్బందే మొదటి వరస. ఇరవై ఎనిమిది రోజులకు రెండోది అన్నారు. మార్చిలో కోవిషీల్డ్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాలు అన్నారు. మే నెలలో పన్నెండు నుంచి పదహారు వారాలు అన్నారు. మారిన ప్రతిసారీ గడప గడపకూ తిరిగి కొత్త లెక్క చెప్పింది ఆశాలు, ఏఎన్ఎంలు. మాట మార్చారని తిట్లు తిన్నదీ వాళ్లే.

ఒక్క మాట మాత్రం మారలేదు. రెండు రకాలను కలపకూడదు. కోవిన్ పోర్టల్‌లో మొదటి డోసు ఏది నమోదైతే రెండోదీ అదే. అందుకే ఒక ఊళ్లో ఒక పూట ఒకే రకం వేసేవాళ్లం. రెండు రకాలూ తప్పనిసరైన రోజున నర్సమ్మ రెండు పెట్టెలు తెచ్చుకుని, ఒకదాని పిడికి ఎర్ర గుడ్డపీలిక కట్టేది. పెట్టెలో పెట్టే ఐసు ప్యాకు సంగతి ఆశా చెల్లెళ్లకు తెలుసు. ఫ్రీజరులోంచి తీయగానే పెట్టకూడదు. కాసేపు బయట ఉంచి, చెవి దగ్గర ఊపి చూడాలి. లోపల నీళ్ల చప్పుడు వినపడితేనే పెట్టాలి. లేకపోతే పక్కనున్న సీసా గడ్డకట్టి మందు చెడుతుంది. ఆవిడ నాలుగు ప్యాకులనూ ఒక్కొక్కటే చెవి దగ్గర పెట్టుకుని వినేది. అంత జాగ్రత్త మనిషికి, రెండు పెట్టెల మందూ ఒకే చేతికి వెళ్లొచ్చునని చెప్పాల్సి వచ్చింది.

మా వాళ్ల భయానికి ఇంకో కారణమూ ఉంది. 2021 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని సిద్ధార్థనగర్ జిల్లాలో కొంతమందికి మొదటి డోసు కోవిషీల్డ్, రెండోది కోవాగ్జిన్ పడింది. పొరపాటే. పేపర్లన్నీ సిబ్బంది నిర్లక్ష్యమని రాశాయి. మా దగ్గర ప్రతి ఏఎన్ఎం ఆ వార్త చదివింది. తన చేతిలో అలా జరిగితే ఉద్యోగం ఉంటుందా అనుకుంది. ఐసీఎంఆర్ శాస్త్రవేత్తలు ఆ గ్రామస్థుల్లో 18 మందిని పరీక్షించారు. హాని ఏమీ కనపడలేదు. రెండు డోసులూ ఒకే రకం వేసుకున్నవాళ్ల కంటే రోగనిరోధక స్పందన మెరుగ్గా కనపడింది. పద్దెనిమిది మందితో తేలేదేమీ లేదు, అది సూచన మాత్రమే. ఆ ఏడాది ఆగస్టులో, మన జిల్లావాళ్లు పెద్ద జబ్బు వస్తే పరుగెత్తే వేలూరు సీఎంసీలో ఈ రెండింటినీ కలిపి చూసే ప్రయోగానికి అనుమతి వచ్చింది. పొరపాటు వార్త ప్రతి సబ్‌సెంటరుకూ చేరింది. పరిశోధన వార్త చేరలేదు.

ఎందుకో

నర్సమ్మ ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను.

మూడు టీకాల లక్ష్యం ఒకటే, కరోనా వైరస్ ఒంటిమీది ముల్లును మన శరీరానికి గుర్తు పట్టించడం. దారులు వేరు. హైదరాబాదులో భారత్ బయోటెక్ తయారుచేసిన కోవాగ్జిన్‌లో చంపిన వైరస్ మొత్తం ఉంటుంది. కోవిషీల్డ్ ఆక్స్‌ఫర్డ్ వాళ్లది, పూణేలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారీ. అందులో చింపాంజీలకు జలుబు తెచ్చే ఒక వైరస్‌ను మనలో పెరగకుండా చేసి, దానికి ఆ ముల్లు తయారుచేసే సూచన ఇచ్చి పంపుతారు. కార్బెవాక్స్ హైదరాబాదు బయలాజికల్ ఇ సంస్థది. అమెరికాలోని టెక్సాస్ చిల్డ్రన్స్ ఆసుపత్రి, బేలర్ వైద్య కళాశాల పరిశోధకులు రూపొందించిన పద్ధతి. అందులో వైరస్సే లేదు. ముల్లులో మన కణానికి అతుక్కునే ముక్కను ఈస్టులో పెంచి తీస్తారు. కాలేయ వాపును ఆపే హెపటైటిస్ బి టీకా కూడా ఎన్నో ఏళ్లుగా ఈస్టులో పెంచి తీసినదే.

మరి మార్చడం దేనికి? కోవిషీల్డ్ సంగతి చూడండి. మోసుకొచ్చే వైరస్‌ను కూడా మన శరీరం గుర్తు పెట్టుకోవచ్చు. మళ్లీ వస్తే సరుకు దించకముందే దాన్ని వాకిట్లోనే ఆపెయ్యొచ్చు. మూడోసారి వేరే బండిమీద సరుకు పంపితే ఆ అడ్డు ఉండదు. ఒకే పాఠాన్ని ఇద్దరు మాస్టార్లు రెండు తీరుల్లో చెబితే పిల్లవాడికి బాగా పట్టుబడినట్టు, రెండు దారుల్లో చూపితే కొన్నిసార్లు శరీరం గట్టిగా గుర్తు పెట్టుకుంటుంది.

కొన్నిసార్లు అన్నాను. ప్రతిసారీ కాదు. బ్రిటన్‌లో 2021లో ఏడు రకాల టీకాలను మూడో డోసుగా వేసి చూశారు. ఆస్ట్రాజెనెకా, అంటే మన కోవిషీల్డ్ రకం, వేసుకున్నవాళ్లలో ఏడూ పనిచేశాయి. ఫైజర్ వేసుకున్నవాళ్లలో ఆరే పనిచేశాయి. చంపిన వైరస్‌తో చేసిన వాల్నేవా టీకా వాళ్లలో పెద్దగా పెంచలేదు. అంటే ఏది దేని తర్వాత వేస్తున్నామన్నది చూసుకోవాలి. మూడో డోసు ఏ రకమైనా దాని బలం నెలల్లో తగ్గుతుంది. అది ప్రధానంగా జబ్బు ముదరకుండా కాస్తుంది, జలుబు కూడా రాకుండా చేస్తుందని కాదు. ఈ మాటలు చెప్పడానికి నాకు పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆ రోజు మీటింగు రెండు గంటలు సాగింది.

జనానికి కలపడం కొత్తా?

జనం మిశ్రమం అంటే భయపడతారని, చదువు లేక వెనకాడారని మా శాఖలో చాలామంది అన్నారు. నేనూ అన్నాను. ఆ మాట నిజం కాదని ఇప్పుడనిపిస్తోంది.

2021 మే నెల గుర్తు తెచ్చుకోండి. టీకా కొరత. ఆక్సిజన్ దొరకలేదు. ఆ నెల మూడో వారంలో ఇక్కడికి దగ్గర్లోనే, ముత్తుకూరు మండలం కృష్ణపట్నంలో ఆనందయ్య నాటు మందు కోసం వేలమంది బారులు తీరారు. రోడ్లు నిండిపోయి పంపిణీ ఆపాల్సి వచ్చింది. ఆయుష్ పరిశీలనలు, కోర్టు వ్యాజ్యాలు నడిచాయి. 31 మే నాడు కంటి చుక్కలకు కాక ఇతర మందులకు రాష్ట్ర ప్రభుత్వం అనుమతిచ్చింది. ఆ మందు కరోనాను తగ్గిస్తుందని రుజువు కాలేదు. నేను చెప్పదలచింది వేరే. ఆ వరసలో నిలబడ్డవాళ్ల జేబుల్లో మేమిచ్చిన హోం ఐసోలేషన్ కిట్టు మాత్రలున్నాయి. ఇంట్లో ఆవిరి కుండ ఉంది. ఆర్‌ఎంపీ గారి సూది అప్పటికే పడింది. మొదటి డోసు కోవిషీల్డ్ కూడా కొందరికి పడింది. ఈ తీరంలో మనిషి కష్టం వస్తే నాలుగు వైద్యాలు కలుపుకునే బతుకుతాడు. అలాంటివాడికి రెండు టీకాల కలయిక భయమా?

చిన్నపిల్లల టీకాలు చూడండి. ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్. పదహారు నెలలు దాటాక బూస్టరు డీపీటీ. అది వేరే టీకా. పోలియోకు నోట్లో చుక్కలూ, చేతికి సూదీ రెండూ ఇస్తాం. 2016లో చుక్కల మందునే మార్చాం. అదే ఏడాది చర్మంలోకి చిన్న మోతాదు పోలియో సూది మొదలుపెట్టిన తొలి రాష్ట్రాల్లో మనదీ ఒకటి. ఏ తల్లీ ఇది ఏ కంపెనీది నర్సమ్మా అని అడగలేదు. నర్సమ్మ చేతిలోంచి వస్తే చాలు.

కరోనా టీకా దగ్గర కంపెనీ పేరు మొదటిసారి ఇంటి మాటయింది. టీవీల్లో ఏది మేలని చర్చలు. సర్టిఫికెట్ మీద పేరు. ఏ దేశం దేన్ని ఒప్పుకుంటుందని గల్ఫుకు వెళ్లే కుర్రాళ్ల బెంగ. పేరు చెప్పి వేసిన తర్వాత పేరు మార్చితే జనం కారణం అడగరా?

రొయ్యల చెరువుల పెద్దాయన ఒకరు నాతో అన్న మాట ఉంది. "అబ్బయా, సీడ్ ఏ హేచరీదో అడగకుండా చెరువులో వదుల్తామా? పీసీఆర్ కాయితం చూపించందే లారీ దింపనియ్యం." మన తీరం రైతులకు పీసీఆర్ అనే మాట కరోనాతో రాలేదు. 1994-95లో తెల్లమచ్చల వైరస్ వచ్చి టైగర్ రొయ్య చెరువులు ఖాళీ అయ్యాక, పిల్లను పరీక్ష చేయించి కొనడం వాళ్లకు అలవాటైంది. వైరస్ అంటే ఏంటో, ఒక్క తప్పు పిల్లతో చెరువంతా ఎట్ట పోతుందో నా కంటే వాళ్లకే బాగా తెలుసు. అలాంటివాళ్లు ప్రశ్నలు వేస్తే మేం "వెనకాడుతున్నారు" అని రాసుకున్నాం.

పని సంగతి చెప్పకపోతే కథ సగమే అవుతుంది. 18 నుంచి 59 ఏళ్లవాళ్లకు 2022 ఏప్రిల్‌లో బూస్టరు వచ్చింది, ప్రైవేటులో డబ్బు పెట్టుకుని. జూలై 15 నుంచి డెబ్బై అయిదు రోజులు ఉచితం అన్నారు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అరవై ఒక్క రోజులు. ఆ రెండు నెలలూ మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా పడవలు ఒడ్డునుంటాయి, మగాళ్లు ఇళ్లలో ఉంటారు. ఉచిత బూస్టరు వచ్చేసరికి పడవలు సముద్రంలో ఉన్నాయి. సూది వేసుకుంటే ఒకరోజు జ్వరం, రెండ్రోజులు చెయ్యి లేవదు. వల లాగే చెయ్యి అది. ఆ మనిషి రానంటే టీకాకు వ్యతిరేకమని కాదు. ఆ రోజు గంగమ్మ చేపలిస్తోంది.

"మీరేసుకున్నారా?"

సిబ్బంది సంగతికి వస్తాను. నర్సమ్మ నన్ను ప్రశ్న అడిగినప్పుడు అంతా వినపడింది గానీ, దానికింద ఉన్న ప్రశ్న నాకు వినపడలేదు.

ఆరోగ్య సిబ్బందికి మూడో డోసు 10 జనవరి 2022న మొదలైంది. అప్పటి నియమం ప్రకారం మొదటి రెండూ ఏవో మూడోదీ అదే. మేమంతా అలాగే వేసుకున్నాం. ఏడు నెలల తర్వాత కార్బెవాక్స్ వచ్చేసరికి మాకు మూడూ అయిపోయాయి. ఆమె వెయ్యాల్సిన మందు ఆమె ఒంట్లోకి వెళ్లే అవకాశమే లేదు.

ముప్పై ఏళ్లుగా నర్సమ్మ దగ్గరున్న ఒకే ఒక ఆయుధం ఏంటో తెలుసా? "మా ఇంట్లోనూ ఇదే వేశాను" అనే మాట. చేత్తో రొమ్ము తట్టుకుని చెప్పేది. పల్స్ పోలియోకు చెప్పింది, పెంటావాలెంట్‌కు చెప్పింది, 2021లో మొదటి కోవిషీల్డ్‌కూ చెప్పింది. 2022 ఆగస్టులో ఒక పట్టపు పాలెంలో వలలు బాగుచేసుకుంటున్న ఆడవాళ్ల మధ్య కూర్చుంటే ఒకామె అడిగింది. నేను పక్కనే ఉన్నాను.

"ఇది మా పిలకాయలకు బళ్లో ఏసిందే గదా. పెద్దోళ్లకు ఆనుద్దా?"

ఆ మాటలో తప్పు లేదు. ఆ ఏడాది మార్చి 16 నుంచి పన్నెండు-పద్నాలుగేళ్ల పిల్లలకు వేసింది కార్బెవాక్సే. పిల్లల మందని ఊరంతా అనుకుంది. నర్సమ్మ జవాబు చెప్పబోయింది. ఆమె మళ్లీ అడిగింది.

"నువ్వేసుకున్నావా నర్సమ్మా, ఇది?"

అక్కడ ఒక్క క్షణం వల సూది కూడా ఆగింది. నర్సమ్మ నా వంక చూడలేదు. చూసుంటే బాగుండునని ఇప్పుడనిపిస్తుంది.

"లేదు. మాకు జనవరిలోనే మూడోది పడిపోయింది, పాతదే. అప్పటికిది రాలేదు. ఇది నేనేసుకోలేదు పిన్నీ. అబద్ధం చెప్పను."

ఇంత నిజం చెబితే జనం వెనక్కి పోతారని నేననుకున్నాను. ఇద్దరు లేచి వెళ్లిపోయిన మాట నిజమే. అడిగినామె వెళ్లలేదు. "మరెందుకెయ్యాలో జెప్పు," అంది. నర్సమ్మకు నేను చెప్పలేదు కదా. ఆమెకు తెలిసినంత చెప్పింది. పిల్లకు పెంటా వేసి బూస్టరుకు డీపీటీ వెయ్యలేదా అని గుర్తు చేసింది. ఆ ఉపమానం ఆమెదే, నాది కాదు. ఇవాళ మీ ముందు నాదన్నట్టు వాడుకున్నాను.

దేశమంతా వేసిన 220 కోట్ల డోసుల్లో మూడో డోసులు సుమారు 22 కోట్లు. పదింట ఒకటి. ఒమిక్రాన్ తేలిగ్గా పోయిందన్న నమ్మకం, జబ్బు వెళ్లిపోయిందన్న ఊరట, కూలి పోతుందన్న లెక్క, ఇన్ని కారణాలున్నాయి. రకం మార్చడమే కారణమని నేననను. కానీ జనం వెనక్కి తగ్గినచోట సిబ్బంది గొంతు కూడా తగ్గి ఉందని నాకు తెలుసు. తను నమ్మేదాకా ఎవరూ ఇంకొకరిని నమ్మించలేరు. మా వాళ్లకు మందు ఇచ్చాం, లక్ష్యం ఇచ్చాం, ఫారాలు ఇచ్చాం. నమ్మడానికి కావాల్సింది ఇవ్వలేదు.

దాచిన కారణం తిరిగొచ్చిన రోజు

2024 ఏప్రిల్ చివర్లో ఒక వార్త వచ్చింది. ఆస్ట్రాజెనెకా టీకా చాలా అరుదుగా రక్తం గడ్డకట్టే జబ్బు తేవచ్చని ఆ కంపెనీ బ్రిటన్ కోర్టు పత్రాల్లో ఒప్పుకుందని. మన కోవిషీల్డ్ అదే టీకా. ఆ వారం నాకు ఫోన్లే ఫోన్లు. దాచారు కదయ్యా అన్నారు.

సంగతేమిటంటే అది కొత్త విషయం కాదు. 2021 వసంతంలోనే యూరప్‌లో బయటపడింది. జర్మనీ వంటి దేశాలు మొదటి డోసు ఆస్ట్రాజెనెకా వేసుకున్న చిన్నవయసు వాళ్లకు రెండోది వేరే రకం వేసుకోమన్నది అందుకే. ఆ దేశపు అప్పటి చాన్స్‌లర్ అంగెలా మెర్కెల్ ఆ జూన్‌లో తన రెండో డోసుగా మోడెర్నా వేయించుకున్నారు. కరోనా టీకాలు కలిపే పద్ధతి పెద్దఎత్తున మొదలైన చోట్లలో అది ఒకటి. ఈ కథంతా, అది ఎంత అరుదో, జబ్బుతో వచ్చే ముప్పు ముందు ఎంతో, అప్పుడే ఒక్క పేజీ తెలుగులో రాసి సబ్‌సెంటర్లకు పంపి ఉంటే? 2022లో నర్సమ్మ ప్రశ్నకు అందులో సగం జవాబు దొరికేది. 2024లో నాకు ఫోన్ చేసినవాళ్లకూ దొరికేది. మనం చెప్పకుండా వదిలేసిన కారణం పుకారై తిరిగొస్తుంది. అప్పుడు దానికి మన మాట ఆనదు.

అందుకే మా శాఖ పిల్లలకు ఒక్కటే చెప్పాలనుంది. మందు పూణే నుంచో హైదరాబాదు నుంచో బయల్దేరి ఈ పాలెం చేరేదాకా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉంచడానికి ఎంత ఏర్పాటుంది! ప్రతి మజిలీలో థర్మామీటరు, ప్రతి పూటా రాసే పట్టిక. ఎందుకు వేస్తున్నామన్న మాటకు ఆ ఏర్పాటులో వందోవంతు కూడా లేదు. ఢిల్లీలో బయల్దేరిన కారణం రాష్ట్రానికి వచ్చేసరికి ఆదేశం అవుతుంది, జిల్లాకు వచ్చేసరికి లక్ష్యం అవుతుంది, పీహెచ్‌సీకి వచ్చేసరికి "పైనుంచి వచ్చిందమ్మా" అవుతుంది. ఆ చివరి మజిలీలో దాన్ని చెడగొట్టినవాణ్ణి నేను. ఐసు ప్యాకును ఆమె చెవి దగ్గర పెట్టుకుని విన్నంత శ్రద్ధగా నేను ఆమె ప్రశ్నను వినలేదు.

రేపు ఇంకో టీకా వస్తుంది. నియమాలు మారతాయి, మారాలి కూడా. తెలిసింది పెరిగితే చెప్పేది మారుతుంది. మారినప్పుడు మొదట కూర్చోబెట్టి చెప్పాల్సింది ఏఎన్ఎంకు, ఆశాకు. తాము వేసుకోని మందును వెయ్యమన్నప్పుడు, వేసుకోలేదని చెప్పే ధైర్యం కూడా వాళ్లకివ్వాలి.

ఆవిడ పోయాక ఇంట్లోవాళ్లు ఒక పాత నోటుపుస్తకం నాకిచ్చారు. ఆ ఆగస్టు, సెప్టెంబరు పేజీలున్నాయి. మా ఫారంలో రానన్నవాళ్ల గడికి "నిరాకరణ" అని పేరు. పైకి పంపిన కాగితాల్లో ఆమె అదే రాసింది. సొంత పుస్తకంలో మాత్రం ఆ మాట ఎక్కడా లేదు. ప్రతి పేరు ఎదుట ఒక్కటే రాసుంది: "వస్తానంది." "వేటనుంచి రాంగానే వస్తానన్నాడు." "కారణం జెప్తే వస్తానంది." వచ్చినవాళ్ల ఎదుట తేదీ ఉంది. రానివాళ్ల ఎదుట చోటు ఖాళీగా ఉంది. ఆ ఖాళీల్లో ఒక్కదాన్ని కూడా ఆమె గీతతో కొట్టెయ్యలేదు.